పక్కగది గొంతు

"నేను బయట ఉంట అవ్వా. ఏమన్న కావాల్నంటే పిలువు" అని చెప్పి నవత తలుపు దగ్గరికి వేసింది.

అది అబద్ధం. బయటికి పోలేదు. నాలుగడుగులు వేసి పక్కగదిలో దూరి, కుర్చీ మెల్లగా లాక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. నెల రోజులుగా ఆడుతున్న అబద్ధమే కాబట్టి నాలుకకు అలవాటైపోయింది.

ఆ గది కనకమామిడిలో ఒక ఫామ్‌హౌస్‌ది. పట్నపు ఆసామి ఎవరో కట్టించుకుని, నాలుగు దావతులు చేసుకుని, మొహం మొత్తి కిరాయికి ఇచ్చేశాడు. ఈత కొట్టే తొట్టిలో ఇప్పుడు నీళ్లకు బదులు ఎండుటాకులున్నాయి. గీతాంజలి మేడం దాన్ని పరిశోధన కేంద్రం చేసింది. చూపులేనివాళ్లకు కాగితాలు చదివిపెట్టే ఫోన్ తయారుచేయాలని ఆమె పట్టుదల. కరెంటు బిల్లో, మందుల చీటీయో, ఆఫీసు నోటీసో ఫోన్ కింద పెడితే చాలు, తెలుగులో గడగడ చదవాలి. అడిగినదానికి జవాబు చెప్పాలి. ఆలోచన బంగారం లాంటిదే. కాకపోతే ఆ ఫోన్ ఇంకా పుట్టలేదు.

పుట్టకముందే జనం దానితో ఎలా మాట్లాడతారో తెలుసుకోవాలట. అందుకని పక్కగదిలో ఒక మనిషిని కూర్చోబెట్టారు. అవతలి ఫోన్ కెమెరా కింద పెట్టిన కాగితం నవతకు తెరమీద కనబడుతుంది. నవత దాన్ని చదువుకుని టైపు చేస్తుంది. ఆ మాటలు అవతల ఫోన్‌లోంచి మిషన్ గొంతుతో వినబడతాయి. "ఇల్లు కట్టకముందు ముగ్గు పోసి చూసుకుంటాం కదా, ఇదీ అంతే. అన్ని దేశాల్లో చేసేదే. ఆఖరి రోజు అందరికీ నిజం చెప్పేస్తాం" అంది మేడం, నవత చేరిన రోజునే. డిగ్రీ చేసి ఇంట్లో కూర్చున్న పిల్లకు సొంత ఊళ్లోనే, చల్లటి గదిలో ఉద్యోగం. సబబుగా అనిపించక ఏమవుతుంది?

తెరమీద పద్మమ్మ చేతులు కనబడ్డాయి. కొత్తిమీర మరకలు పట్టి, వేళ్ల సందులు పచ్చగా ఉన్న చేతులు. ముడిమ్యాలలో తోటల దగ్గర కట్టలు కట్టడం ఆమె పని. అరవై దగ్గర పడ్డ మనిషి, పుట్టుకతోనే చూపు లేదు. కేంద్రం ఆటోలో వారానికి రెండుసార్లు వచ్చిపోతుంది. ఇంటి దగ్గర అలవాటు చేసుకొమ్మని ఫోన్ కూడా ఆమెకే ఇచ్చారు.

"ఏమమ్మా మిషినూ, తిన్నవా?"

రోజూ ఇదే పలకరింపు. నవతకు నవ్వొచ్చింది. ముందే రాసిపెట్టిన మాటల్లోంచి ఒకటి నొక్కింది. 'నమస్కారం. కాగితం కెమెరా కింద పెట్టండి.'

"తినకుండనే పని చేస్తున్నవంటే నాకన్న నీకే కష్టమున్నది పో" అంది పద్మమ్మ.

మొదట మందుల పట్టీ. తర్వాత కరెంటు బిల్లు. రెండూ కేంద్రం వాళ్లు ఇచ్చినవే, నవత సరిగ్గానే చదివింది. మూడోది గ్యాసు వాళ్ల ఉత్తరం. దాన్ని మాత్రం తప్పు చదవాలి. గోడకు అంటించిన కాగితంలో మేడం రాసిపెట్టింది: మూడో కాగితంలో తేదీ ఉంటే, తేదీ మార్చి చెప్పాలి. మిషన్ చెప్పిందల్లా జనం నమ్ముతారా, అనుమానపడతారా అన్నది చూడ్డానికి. అనుమానపడితే 'గుర్తించారు' అని, లేకపోతే 'గుర్తించలేదు' అని రాసుకోవాలి. ఇంటి కాగితాలు తేకూడదని అందరికీ ముందే చెప్పారు.

పద్మమ్మ గ్యాసు ఉత్తరాన్ని చేత్తో పక్కకు జరిపింది. జాకెట్టులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం తీసి, అరచేత్తో సాపు చేసి కెమెరా కింద పెట్టింది.

"దీన్ని జర చదువు."

నవత తెరమీదికి వంగింది. ఆఫీసు ముద్ర. విషయం: ముడిమ్యాల గ్రామ నివాసి పద్మమ్మ అంధత్వ ధ్రువపత్రంపై విచారణ. 'సదరు మహిళ ఎవరి సాయము లేకుండా సెల్‌ఫోన్ ద్వారా కాగితములు చదువుకొనుచున్నట్లు వీడియో వలన తెలిసినందున, ఆమెకు చూపు లేదన్న విషయము అనుమానాస్పదముగా ఉన్నది. ఈ నెల 16వ తేదీ ఉదయం 11 గంటలకు చేవెళ్లలో విచారణకు హాజరు కావలెను. హాజరు కానిచో ధ్రువపత్రము, పింఛను, బస్సు పాసు నిలిపివేయబడును.'

ఆ వీడియో నవత తీసిందే, పద్మమ్మ కూర్చునే గదిలోని కెమెరా రికార్డింగులోంచి కత్తిరించి. పోయిన నెలలో, పద్మమ్మ బిల్లు చదివించుకుంటూ పకపకా నవ్విన నలభై సెకన్లు. 'బాపూ, నా పని చూడు' అని నాన్నకు పంపింది. నాన్న గొప్పగా ఊరి గ్రూపులన్నిటికీ తోశాడు. అంతే, ఆ సంగతి అక్కడితో మర్చిపోయింది. నలభై సెకన్ల నవ్వు ఇలా ముద్ర వేయించుకుని తిరిగొస్తుందని ఎవరనుకుంటారు?

అడుగున ఇంకో వరస ఉంది. 'వీడియో వాస్తవమని ధ్రువీకరించిన సాక్షి: పి. ప్రభాకర్, కనకమామిడి.' పక్కన తోక పొడుగ్గా లాగిన సంతకం. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డుల మీద చూసిన సంతకమే. నాన్నది.

"ఏమైంది, నిద్రవొయినవా?" అంది అవతలి గదిలో పద్మమ్మ.

నవత వేళ్లు కదిలాయి. తను కదిపిందా, వాటంతటవే కదిలాయా చెప్పలేం. విషయం చదివింది, అనుమానం చదివింది, పింఛను చదివింది. తేదీ దగ్గరికి వచ్చేసరికి చూపు గోడమీది కాగితానికి పోయింది. నెల రోజుల అలవాటు. ఇరవై ఆరు అని కొట్టేసింది.

"ఎన్నో తారీఖన్నవు?"

'ఇరవై ఆరు.'

"కింద ఎవరిదన్న పేరు గీరు ఉన్నదా?"

నవత వేలు గాలిలో ఆగింది. ఎడమవైపు ఒక బటన్ ఉంది. కాగితం నలిగినప్పుడు, మసకగా ఉన్నప్పుడు నొక్కేది. అది నొక్కింది. 'అక్షరాలు స్పష్టంగా లేవు.'

"అట్లనా" అంది పద్మమ్మ. కాగితాన్ని పాత మడతల ప్రకారమే మడిచి, కవర్లో పెట్టి, జాకెట్టులో దోపుకుంది. "సరే మరి, పొయ్యొస్త."

ఆటో గేటు దాటిన చప్పుడయ్యాక గీతాంజలి మేడం వెనకనుంచి వంగి చూసి, "పట్టుకోలేదు కదా? చూశావా, మిషన్ గొంతు అంటే ఎంత నమ్మకమో" అని, మూడో కాగితం ఎదురుగా 'గుర్తించలేదు' అని తనే రాసింది.

"మేడం, అది మన కాగితం కాదు. నిజం నోటీసు" అంది నవత. గొంతు తనకే వింతగా వినబడింది. "పదహారు బదులు ఇరవై ఆరని చెప్పిన. గురువారమే మేడం. పోకపోతే ఆమెకు అన్నీ బంద్ అయితయి."

మేడం చెడ్డమనిషి కాదు పాపం. కుర్చీలో కూలబడి, కొంతసేపు కళ్లద్దాలు తుడుచుకుంది. ఆ తర్వాత చదువుకున్నవాళ్లు చేసే పనే చేసింది. "పరిశోధనకు అనుమతిచ్చిన కమిటీకి రాస్తాను. మధ్యలో నిజం చెప్పాలంటే వాళ్ల అనుమతి కావాలి. శుక్రవారం కూర్చుంటారు. అప్పటిదాకా నువ్వు ఎవరితోనూ ఏమీ మాట్లాడొద్దు."

"విచారణ గురువారం మేడం."

మేడం కళ్లద్దాలు మళ్లీ తుడుచుకుంది.

ఇంటికి పోయేసరికి ప్రభాకర్ వరండాలో కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. మొన్నటిదాకా ఊళ్లో పదవిలో ఉన్నాడు, మళ్లీ ఎన్నికల్లో నిలబడాలని ఉంది. అందుకని ఊళ్లో ఎవరి దావతుకైనా ముందుంటాడు, ఎవరి కాగితం మీదైనా సంతకం పెడతాడు.

"బాపూ, పద్మమ్మ వీడియో గురించి ఎవరన్న వచ్చిన్రా?"

"ఆ, మొన్న ఆఫీసు నుంచి ఒకాయన వచ్చిండు. ఇది నిజమేనా అన్నడు. నా బిడ్డ తీసింది, నిజం గాక అబద్ధమా అన్న. సాక్షి సంతకం వెట్టుమన్నడు, వెట్టిన. ఎందుకు, అవార్డు గివార్డు ఏమన్న ఇస్తున్నరా?"

"కాగితం చదివినవా?"

ప్రభాకర్ నవ్వాడు. "సంతకం పెట్టే కాగితాలన్నీ చదువుకుంట కూసుంటె లీడర్ నెట్లయిత బిడ్డా?"

రెండు కళ్లూ బంగారంలా ఉన్న మనిషి! నవతకు ఒళ్లు మండిపోయింది. నిలబడే అంతా చెప్పేసింది. నోటీసు, తేదీ, పింఛను. మిషన్ లేదనీ, ఆ గొంతు వెనక ఉన్నది తనేననీ. వింటున్నకొద్దీ ప్రభాకర్ నోరు తెరుచుకుంది. చేతిలో ఫోన్ ఒళ్లో జారిపడ్డా చూసుకోలేదు.

"అంటే... మిషినే లేదా?"

"లేదు బాపూ."

"నాలుగు ఊర్లల్ల చెప్పుకున్న కదనే! నా బిడ్డ మిషిన్ తయారు చేస్తున్నదని!" లేచి వాకిలి తలుపు వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "చూడు, నాతోని అన్నవు, ఇంకెవలతోని అనకు. ఆమెకు నిజంగ కనబడకపోతే డాక్టర్లే మళ్ల రాసిస్తరు. ఏమయితది?"

"డాక్టర్ల దగ్గర దినం దొరకాల్నంటే ఎన్ని నెలలయితదో ఎరుకేనా? రిపోర్టు వచ్చేదాక అన్నీ బంద్."

"మరి నా సంతకం తప్పని నేనే చెప్పుకోవాల్నా? మొహం ఎక్కడ వెట్టుకోవాలె?"

లోపల్నుంచి నవత తల్లి ప్రమీలమ్మ అన్నానికి పిలిచింది. తండ్రీబిడ్డలు ఎవరూ కదల్లేదు.

మంగళవారమంతా నవత ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగింది. పద్మమ్మ నంబరు తెర మీదికి తెచ్చుకోవడం, తుడిపేయడం. ఫోన్‌లో చెబితే ఆమె ఎవరి గొంతని నమ్ముతుంది? ఇప్పటిదాకా ఆమెకు చెప్పిందంతా ఇంకో గొంతుతో కదా! బుధవారం పొద్దున స్కూటీ తీసి ముడిమ్యాల దారి పట్టింది. దారంతా మాటలు కూడబలుక్కుంది.

తోట గట్టున గోనెసంచి మీద కూర్చుని ఉంది పద్మమ్మ. ఎడమ పక్క కొత్తిమీర కుప్ప, కుడి పక్క కట్టలు. పిడికెడు తీసుకోవడం, వేళ్లు దిగువకు జారించి కాడలు సమం చేయడం, నార చుట్టి బిగించడం. పక్కన చెల్లెలి మనవరాలు జెన్నీ కట్టలను తడిగుడ్డలో పేరుస్తోంది. నర్సింగు చదువుతున్న పిల్ల. నవతను చూసి పలకరించలేదు.

"అవ్వా, నేను నవతను. కేంద్రంల..."

"తెలుసు. కూసో. ఆకు మీద కూసునేవు, చూసి కూసో."

నవత కూర్చుంది. కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "అవ్వా, నోటీసుల తారీఖు ఇరవై ఆరు కాదు. పదహారు. రేపే."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"జెన్నీ చదివింది. కాగితం వచ్చిన దినమే."

నవత జెన్నీ వైపు చూసింది. జెన్నీ తల తిప్పుకుంది.

"ఇంకోటి చెప్పాలె అవ్వా. ఆ మిషిన్... అది మిషిన్ కాదు. పక్క అర్రలకెల్లి నేనే..."

"గదీ తెలుసు" అంది పద్మమ్మ. చేతులు ఆగలేదు.

నవత తలెత్తి ఆమె మొహంలోకి చూసింది.

"బయట ఉంట అంటవు. నీ చెప్పులేమో పక్కకు పోతయి. మొదటి దినమే అనుకున్న, ఈ పిల్ల ఏడికి పోతున్నదని. చిన్న మాటకు మిషిన్ జల్దీ జవాబిస్తది, పెద్ద మాటకు లేటయితది. గోడ అవతల టకటక. ఒకనాడు తుమ్మినవు గూడ." పద్మమ్మ నవ్వింది. "ఎన్ని దినాలు ఆడుతరో చూద్దామని ఊకున్న. మీరు నన్ను పరీక్ష చేస్తున్నమన్నరు. సరే, నేను గూడ చేసిన."

"ఏం పరీక్ష అవ్వా?"

"పుట్టినకాన్నుంచి నాకు ఎవలో ఒకలు చదివిపెట్టుడే. మా తమ్ముడు సగం చదివి సగం మింగుతడు. చర్చిల అయ్యగారు మంచి మాటలే చదువుతడు. చెడ్డది వస్తే దగ్గి, పేజీ తిప్పుతడు. నువ్వెవరో నాకు తెల్వదనుకుంటున్నవు కాబట్టి నువ్వన్న మొత్తం చదువుతవేమో అనుకున్న. అందుకే తెలిసిన కాగితమే తెచ్చి పెట్టిన."

నవత బ్యాగులోంచి, కేంద్రం గోడమీంచి ఊడదీసి తెచ్చిన కాగితం తీసింది. ఎందుకు తీసిందో తనకే తెలియదు, చూపించడానికి ఎదురుగా ఉన్నది పద్మమ్మ. "ఇందుల రాసి ఉన్నదవ్వా. మూడో కాగితంల తారీఖు మార్చాల్నని. మా మేడం రాసింది. అలవాటు మీద..."

"సరే. నమ్ముతున్న" అంది పద్మమ్మ. కట్టకు ముడి బిగించి, మిగిలిన నారను పళ్లతో తెంపింది. "తారీఖు మీ మేడం మార్చుమన్నది. మరి పేరు ఎగ్గొట్టుమన్నది ఎవరు?"

జెన్నీ చేతులు ఆగిపోయాయి. నవత తల దించుకుంది. చెప్పుకోవడానికి ఏ గోడమీదా ఏ కాగితమూ లేదు. పేరు మింగింది తనే. ఎవరూ చెప్పకుండానే, ఒక్క క్షణంలో, పద్మమ్మ తమ్ముడి లాగే, అయ్యగారి లాగే. ఏడుపు తన్నుకొచ్చింది. పద్మమ్మ ఆ చప్పుడు వింది కానీ ఓదార్చలేదు.

"రేపు పదకొండు గంటలకు చేవెళ్ల" అంది. "మీరిచ్చిన ఫోన్ నా దగ్గరనే ఉంటది. నువ్వు వస్తవో రావో నీ ఇష్టం."

నవత కేంద్రానికి పోయి, మూడో కాగితం ఎదురుగా మేడం రాసిన మాట కొట్టేసి 'గుర్తించింది' అని రాసింది. దాని కింద, 'మేం గుర్తించలేదు' అని కూడా రాసింది. మేడం చూసింది. కమిటీ గురించి ఏదో అనబోయి ఊరుకుంది. నవత ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుంటుంటే అడ్డం కూడా చెప్పలేదు.

గురువారం చేవెళ్ల ఆఫీసు వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. కిటికీ పక్క బెంచీ చివర నవత కూర్చుంది. లోపల విచారణ అధికారి, ఎదురుగా పద్మమ్మ, వెనక జెన్నీ. సాక్షిగా పిలిపించిన ప్రభాకర్ ఇస్త్రీ చొక్కాలో గోడవారగా నిలబడ్డాడు. కూతురు వచ్చిన సంగతి ఆయనకు తెలియదు.

అధికారి తన ఫోన్‌లో వీడియో పెట్టాడు. పద్మమ్మ నవ్వు గది నిండా వినబడింది.

"ఇందుల ఉన్నది నువ్వేనా?"

"గొంతు నాదే సారూ. బొమ్మ సంగతి నేనెట్ల చెప్త?"

ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి చిరాకు పడ్డాడు. "ఎవరి సాయం లేకుండ చదివించుకుంటున్నవు కదా? నువ్వే చెప్పు, కనబడకపోతే ఎట్ల సాధ్యం? ప్రభాకర్ గారు పెద్దమనిషి, ఆయనే సంతకం పెట్టిండు."

"చదివింది ఫోన్ కాదు సారూ."

"మరెవరు?"

పద్మమ్మ సంచిలోంచి ఫోన్ తీసి బల్ల అంచు తడుముకుని పెట్టింది. "దాన్నే అడుగున్రి."

అధికారి వెటకారంగా నవ్వి ముందుకు వంగాడు. "ఏమమ్మా ఫోనూ, నువ్వెవరు?"

బెంచీ మీద నవత ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. తెరమీద ఆఫీసు పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను, ఒక మూలన నాన్న మొహం సగం కనబడుతున్నాయి. ముందే రాసిపెట్టిన మాటల బటన్లు వరసగా ఉన్నాయి. ఒక్కటీ పనికొచ్చేది కాదు. ఒక్కో అక్షరం టైపు చేసింది. లోపల అధికారి గడియారం చూసుకున్నాడు. పద్మమ్మ మాత్రం తొందరపడలేదు. పెద్ద మాటకు లేటవుతుందని ఆమెకు తెలుసు.

ఫోన్‌లోంచి మిషన్ గొంతు వచ్చింది. 'సార్. నేను మిషన్‌ను కాదు. నా పేరు నవత. వీడియోలో బిల్లు చదివింది నేను. పద్మమ్మకు చూపు లేదు. నేను బయట బెంచీ మీద ఉన్నాను.'

అధికారి దిగ్గున కుర్చీలోంచి లేచాడు. ప్రభాకర్ కిటికీ వైపు తిరిగాడు. తండ్రీబిడ్డల చూపులు కలిశాయి. వద్దన్నట్టు ఆయన చెయ్యి కొంచెం లేచింది, సగంలోనే ఆగిపోయింది.

"ఇంక చాలు. లోపలికి రా బిడ్డా" అంది పద్మమ్మ, కిటికీ వైపు కాకుండా తలుపు వైపు మొహం తిప్పి. "నోటితోని చెప్పు."

నవత ల్యాప్‌టాప్ మూసి లోపలికి వచ్చింది. చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చేదాకా ఆగి, పద్మమ్మ జాకెట్టులోంచి కవరు తీసి కాగితం చాపింది.

"ఆనాడు చదివిందే. మళ్ల చదువు."

అధికారి ఏదో అనబోయాడు. జెన్నీ "ఒక్క నిమిషం సార్" అంది.

నవత చదివింది. విషయం చదివింది. అనుమానం చదివింది. తేదీ దగ్గర కాగితం మీద వేలు పెట్టి, "పదహారు" అంది. పద్మమ్మ తల ఊపింది. పింఛను, బస్సు పాసు చదివింది. అక్కడితో కాగితంలో పెద్ద అక్షరాలు అయిపోయాయి. గదిలో అందరూ అయిపోయిందనే అనుకున్నారు.

"కింద?" అంది పద్మమ్మ.

రెండడుగుల దూరంలో ప్రభాకర్ నేల చూస్తూ నిలబడ్డాడు. నవత ఆయనవైపు చూడలేదు.

"వీడియో వాస్తవమని ధ్రువీకరించిన సాక్షి" అని చదివింది. "పి. ప్రభాకర్, కనకమామిడి. మా బాపు."

"అక్షరాలు స్పష్టంగ ఉన్నయా?"

"ఉన్నయి అవ్వా" అంది నవత.